మా బావమరిది హామీ సంతకం

బ్యాంకులో హామీ సంతకం పెట్టడం ఒక మర్యాద అనుకునే మనుషులం మేము. పెళ్ళిలో పెళ్ళికూతురి అన్నదమ్ములకి ఏదో ఒక పని అప్పగిస్తాం కదా, అప్పగించకపోతే వాళ్ళు అలిగి పందిరి బయట నిలబడతారు కదా, ఈ సంతకాన్ని కూడా ఆ వరసలోనే చేర్చేసుకున్నాం. దానికి కారణం ఉంది. మలేషియా ఎస్టేట్లలో కూలి చేసుకుని బతికిన మా పెద్దవాళ్ళకి బ్యాంకుతో పని పడలేదు. అప్పు కావాలంటే కొట్టువాడిని అడిగేవారు, కొట్టువాడికి వాళ్ళ ముఖం చాలు. బ్యాంకు అనేది మా తరంలో మొదటిసారి మా ఇళ్ళలోకి వచ్చింది. దానితో ఎలా మసలుకోవాలో చెప్పే ఆచారం మా దగ్గర ఏదీ లేదు. అందుకని పెళ్ళిది తెచ్చి వాడుకున్నాం.

సుంగై సుమున్ దగ్గర నాకొక షెడ్డు ఉంది. పామాయిల్ చెట్ల మట్టలు నరికినప్పుడు వాటి ఆకుల మధ్య ఈనెలు వృథాగా పోతాయి. మలయ్‌లో వాటిని లిడి అంటారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆ ఆకుల్ని చీరి, చిన్న కత్తితో పచ్చదనం గీకేసి, ఈనెల్ని కట్టలు కట్టి తెస్తారు. నేను తూకం వేసి కొంటాను. ఎండబెట్టించి, పొడవుని బట్టి వేరు చేయించి, బిగించి కట్టించి, కంటెయినర్‌కి ఎక్కించి ఇండియా పంపిస్తాను. అక్కడ వాటితో చీపుర్లు చేస్తారు. ఇండియా ఇళ్ళు ఊడ్చే చీపుర్లలో కొన్ని మా బాగన్ దాతుక్ వైపు నుంచి వెళ్తాయని చెబితే ఇక్కడివాళ్ళే నమ్మరు.

ఇందులో ఇబ్బంది ఒక్కటే. ఆడవాళ్ళకి డబ్బు ఆ వారమే ఇవ్వాలి. ఇండియా వ్యాపారి మాత్రం సరుకు చేరాక, చూసుకున్నాక, తీరిగ్గా పంపుతాడు. మధ్యలో రెండు మూడు నెలలు ఎవరో ఒకరు భరించాలి. మొదట్లో నెలకి ఒక కంటెయినర్‌కి సరిపడా నా చేతి డబ్బుతో నెట్టుకొచ్చాను. వ్యాపారి రెండు కావాలన్నాడు. అప్పుడు తెలుక్ ఇంతాన్‌లో ఉన్న ఒక ఇస్లామిక్ బ్యాంకు శాఖకి వెళ్ళాను.

నేను పెద్ద చదువు చదవలేదు. పామాయిల్ మిల్లులో తూకం దగ్గర కూర్చుని లెక్కలు నేర్చుకున్నాను. ఏ పనికైనా ముందు కాగితం మీద రెండు వైపులా రాసుకుని చూసుకోవడం అలవాటు. బ్యాంకు వాళ్ళు మా ఇంటిని తాకట్టు అడిగారు, అది ఊహించిందే. దానిపైన ఇంకొక హామీ కూడా కావాలన్నారు. చిన్న వ్యాపారాలకి హామీగా నిలబడే సంస్థ ఒకటుంది, ఏడాదికి ఇంతని రుసుము తీసుకుంటుంది. లేదంటే జీతం ఉన్న మనిషి ఎవరైనా హామీ సంతకం పెట్టవచ్చు. రుసుము లెక్క వేసుకున్నాను. కంటెయినర్ మీద నాకు మిగిలేదాంట్లోంచి కొంచెం కొరుకుతుంది, అయినా భరించగలను. ఆ సంస్థనే పెట్టుకుంటానని చెప్పి వచ్చేశాను.

ఆ మాట ఇంట్లో చెప్పడం వల్ల వచ్చింది అసలు కథ. మా ఆవిడ వాళ్ళమ్మతో అంది. వాళ్ళమ్మ బంటింగ్‌లో ఉన్న కొడుకుతో అంది. ఆ ఆదివారం నా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, రెండు గంటలకి పైగా కారు నడుపుకుని వచ్చాడు. వెంట వాళ్ళ చిన్నాన్నని కూడా తెచ్చుకున్నాడు. బంటింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పని అతనిది, నెల జీతం, ఎవరికీ ఒక్క సెన్ను, ఒక్క పైసా బాకీ లేనివాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేనుండగా కంపెనీవాడికి రుసుము కట్టి సంతకం కొనుక్కుంటావా బావా?" అన్నాడు. "మా అక్కని ఇచ్చినాం గానీ నీకు అమ్మలేదు కదా."

రెండోమాటకి అర్థం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ గదిలో ఉన్న అందరికీ చాలా గట్టి మాటగా వినిపించింది. చిన్నాన్న గొంతు సవరించుకుని, బయటివాణ్ణి పిలవడం మర్యాద కాదన్నాడు. మా ఆవిడ నా వైపు చూడకుండా కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. హామీ అంటే ఏమిటో వివరించబోయాను. నేను కట్టకపోతే నువ్వు కట్టాలి అన్నాను. "నువ్వు కట్టకుండా ఉంటావేటి?" అన్నాడు. దానికి సమాధానం ఉంది, కానీ సొంత ఇంట్లో నిలబడి ఆ సమాధానం ఎవరూ చెప్పుకోరు.

సంతకాల రోజున అతను ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చేసిన పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చాడు. బ్యాంకులో మా పని చూసే ఆఫీసరు ఒక మలయ్ అమ్మాయి. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడుతుంది, నన్ను అంకుల్ అంటుంది. తమ బ్యాంకులో వడ్డీ ఉండదని, సరుకు కొని అమ్మడమే ఉంటుందని వివరించింది. బ్యాంకు కొంత పామాయిల్ కొంటుంది. దాన్ని కొంచెం ఎక్కువ ధరకి, తర్వాత కట్టే వాయిదా మీద నాకు అమ్ముతుంది. నేను వెంటనే దాన్ని ఇంకొకరికి అమ్మేస్తాను. అమ్మే పని కూడా నా తరఫున బ్యాంకే చేస్తుంది. ఆ వచ్చిన డబ్బు నా ఖాతాలో పడుతుంది. ప్రతి కంటెయినర్‌కీ ఇదే పద్ధతి.

ఆ మొదటి కొనుగోలు అయ్యేదాకా మాకు టీ ఇచ్చారు. మా నాన్న పామాయిల్ గెలలు కోసి కోసి కుడి భుజం పైకి ఎత్తలేకుండా అయిపోయినవాడు. జీవితంలో ఒక్క గెల కూడా ఆయనది కాదు. ఆయన కొడుకు ఆ టీ చల్లారేంతసేపు కొన్ని టన్నుల నూనెకి ఆసామి. ఆ నూనె ఏ ఊళ్ళో ఏ ట్యాంకులో ఉందో నాకు తెలియదు. కాగితం మీద మాత్రం ఉంది. నా బావమరిది ఆ కాగితాన్ని చూసి, "మనకో రెండు టిన్నులు ఇంటికి పంపమను లా," అన్నాడు, ఇక్కడి అందరిలాగా మాట చివర లా తగిలించి. ఆఫీసరమ్మ నవ్వింది. తర్వాత అతను సంతకం పెట్టాడు. పెడుతుండగా నా చేత ఫోటో తీయించుకుని వాళ్ళ అమ్మకి పంపాడు.

ఆరేళ్ళు గడిచాయి. ఏటా ఒకసారి బ్యాంకువాళ్ళు నా ఖాతా తిరగేసి చూసి, మళ్ళీ కొత్తగా కాగితాలు రాయించుకునేవారు. ఏటా అతను సెలవు పెట్టుకుని వచ్చేవాడు. బంధువుల్లో నా వ్యాపారం గురించి మాట వస్తే "మా లిడి" అనేవాడు. నాకు అది బాగానే ఉండేది. కట్టాల్సినవి కడుతూ వచ్చాను. ఒకసారి సముద్రం మీద ఆలస్యమైనా, ఒకసారి సరుకు తడిసి వ్యాపారి ధర తగ్గించినా, వాయిదా తప్పలేదు.

ఆ తర్వాత మా దేశపు డబ్బు, రింగిట్, డాలరు ముందు బలపడడం మొదలైంది. దేశానికి మంచిదని వార్తల్లో చెప్పారు, మంచిదే అయి ఉంటుంది. నాకు డబ్బు వచ్చేది డాలర్లలో. ఆడవాళ్ళకి ఇచ్చేది రింగిట్లలో. అవే డాలర్లు వచ్చి తక్కువ రింగిట్లుగా మారేవి. ఓడ కిరాయి పెరిగింది. రెండు కంటెయినర్లు పంపినా ఒకటి పంపిన రోజుల్లో మిగిలినంతే మిగిలేది, ఒక్కో నెల అదీ లేదు. ఒక ఏడాది లెక్క తేల్చితే నష్టం వచ్చింది. పెద్ద నష్టం కాదు, కానీ కాగితం మీద నష్టం నష్టమే.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మా ఆవిడకి తమ్ముడి భార్య ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుంది. అడిగితే చెప్పింది. బంటింగ్‌లో వాళ్ళు అద్దెకి ఉంటున్న ఇల్లు యజమాని అమ్మేస్తున్నాడు. మీరు కొనుక్కుంటే మీకే ఇస్తానన్నాడు. పిల్లల బడి ఆ వీధి చివరే. పిల్లల స్కూలు ఏడాది ముగిసేదాకా ఆగుతానని, ఆ తర్వాత ఇంకొకరికి అమ్ముతానని చెప్పాడు. ఇంటి లోను కోసం నా బావమరిది బంటింగ్‌లో ఒక బ్యాంకుకి వెళ్ళాడు. జీతం చూశారు, బాగుందన్నారు. నా వ్యాపారానికి అతను హామీ ఉన్న మొత్తాన్ని కూడా అతని బాకీగానే లెక్క కట్టారు. కట్టి, కుదరదన్నారు.

"ఈ సంగతి బావకి తెలియకూడదన్నాడంట," అంది మా ఆవిడ. "నీకు చెప్పినట్టు వాడికి తెలిస్తే ఆవిడ పని అయిపోతుంది. నువ్వు ఏటీ తెలీనట్టే ఉండు."

అలా మేమిద్దరం ఇరుక్కున్నాం. తనని విడిపించమని అతను నన్ను అడగలేడు. పందిట్లో పట్టిన చెయ్యి మధ్యలో వదిలేసినట్టు అవుతుంది, అదీ నాకు లెక్క తగ్గిన ఏడాది. నేనుగా విడిపిస్తానని అనలేను. అంటే తెలిసిపోయిందని అతనికి అర్థమవుతుంది. లేదా, ఇంకా ఘోరంగా, తనని నేను తోసేశానని అనుకుంటాడు. స్కూలు సెలవులు మాత్రం దగ్గరపడుతున్నాయి.

ఆ నెల కంటెయినర్ ఓడ ఎక్కించే పని మీద క్లాంగ్ రేవుకి వెళ్ళినప్పుడు, బంటింగ్ దగ్గరే కాబట్టి అతను మోటర్‌సైకిల్ మీద వచ్చాడు. రేవు బయట ఒక మామక్ కొట్లో, అంటే తమిళ ముస్లింల హోటల్లో, రొట్టె తిన్నాం. చాలాసేపు ఓడల గురించి మాట్లాడాడు. తర్వాత గ్లాసు తిప్పుతూ, బ్యాంకుకి ఇంకా ఎంత కట్టాలని అడిగాడు. చెప్పాను. మొత్తం తీరిపోవడానికి ఎంతకాలం పడుతుందని అడిగాడు. ఇది తీరేది కాదని, ప్రతి కంటెయినర్‌కీ కొత్తగా మొదలవుతుందని చెప్పాను. "మంచిదే లా," అన్నాడు. అడగాలనుకున్నదాంట్లో అడిగింది అంతే. ఇంకొక్క అడుగు వేస్తాడని ఎదురుచూశాను. వేయలేదు. నేనే వేశాను.

"ఈ ఏడు కాగితాలకి నువ్వు అంత దూరం రాకుండా చూస్తాను," అన్నాను.

అతను తింటున్న చెయ్యి ఆపాడు. "నేను రానని ఎవరైనా చెప్పినారేటి?"

"ఎవరూ చెప్పలేదు. దూరం కదా అని."

"ఆరేళ్ళ నుంచి లేని దూరం ఈ ఏడు వచ్చిందేటి బావా? కొత్త బావమరిది ఎవడైనా దొరికినాడేటి నీకు?"

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. బిల్లు కట్టబోతే కట్టనివ్వలేదు, కొట్టువాడి చేతిలో డబ్బు తనే పెట్టేశాడు. వెళ్ళేటప్పుడు మాత్రం మోటర్‌సైకిల్ ఎక్కి, హెల్మెట్ పెట్టుకుని, వెంటనే వెళ్ళలేదు. ఏదో చెప్పడానికి హెల్మెట్ అద్దం పైకి ఎత్తాడు. అక్క ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి మళ్ళీ దించేసుకున్నాడు.

బ్యాంకుకి వెళ్ళాను. ఆఫీసరమ్మ ఇప్పుడు అదే శాఖకి మేనేజరు. హామీ మనిషిని తీసేయడానికి దారి ఏముందని అడిగాను. హామీ అనేది వాళ్ళ పద్ధతిలో ఒకరు ఇంకొకరికి చేసే మేలు అని, కానీ ఒకసారి చేశాక వెనక్కి తీసుకోవడానికి బ్యాంకు ఒప్పుకోవాలని చెప్పింది. రుసుము తీసుకునే సంస్థని ఇప్పుడు పెట్టుకుంటానన్నాను. నష్టం వచ్చిన ఏడాది ఉంది కాబట్టి ఆ సంస్థ ఇప్పుడు ఒప్పుకోదంది. మా ఆవిడ సంతకం పెడుతుందన్నాను. ఇల్లు ఇద్దరి పేరు మీదే ఉంది, అది ఎలాగూ మా దగ్గరే ఉంది, ఆమెకి జీతం లేదు, కాబట్టి ఆమె సంతకం వల్ల కొత్తగా వచ్చేది ఏమీ లేదంది. నా వ్యాపారమే మూసేసి మొత్తం కట్టేస్తే అని అడిగాను. సముద్రం మీద ఉన్న సరుకు డబ్బు వచ్చేదాకా నా చేతిలో కట్టడానికి ఏమీ ఉండదు. ఆ డబ్బు వచ్చేలోపు ఆడవాళ్ళకి ఇవ్వడానికి మళ్ళీ తీసుకోవాలి. తీసుకోవడం మానేస్తే ఒప్పుకున్న కంటెయినర్ వెళ్ళదు, వెళ్ళకపోతే వెనకటి సరుకు డబ్బు కూడా వ్యాపారి ఆపుతాడు. ఆ చక్రంలోంచి దిగడానికి ఎక్కడా మెట్టు లేదు.

నాకు తెలిసినవాళ్ళలో చాలామంది ఇస్లామిక్ బ్యాంకు అంటే లాభంలో పాలు తీసుకుంటుంది, నష్టంలోనూ పాలు పంచుకుంటుంది అనుకుంటారు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. ఆ మాట ఆమెతో అన్నాను. అలాంటి పద్ధతి కూడా ఉందని, కానీ మాలాంటి చిన్న వ్యాపారాల లోపలి లెక్కలు బ్యాంకు రోజూ చూస్తూ కూర్చోలేదని, అందుకే అమ్మకం పద్ధతి వాడతామని చెప్పింది. అమ్మకంలో ధర ముందే తేలిపోతుంది. సరుకు మీకు అమ్మేశాక మీకు లాభమొచ్చినా నష్టమొచ్చినా ధర మారదు, మీరు ఆలస్యం చేసినా వడ్డీ మీద వడ్డీలాగా పెరిగిపోదు, అది మీకూ రక్షణే కదా అంకుల్ అంది. నిజమే. ఆమె చెప్పింది ఏదీ తప్పు కాదు. అదే కష్టం. తప్పు చేసేవాడితో అయితే పోట్లాడవచ్చు.

పై అధికారితో మాట్లాడి వస్తానని ఆమె లోపలికి వెళ్ళింది. నేను హాల్లో కూర్చున్నాను. కౌంటర్ల ముందు పింఛను తీసుకునే ముసలివాళ్ళు, జీతం వేసుకునే టీచర్లు, కొబ్బరి తోటల వాళ్ళు. అక్కడ డబ్బు దాచుకున్నది వాళ్ళు. కాగితం వెనక లెక్క వేశాను. ఈ తీరంలో నాలాగా ఏదో ఒకటి బయటదేశానికి పంపేవాళ్ళు, చేపల చిప్స్ వాళ్ళు, కొబ్బరి పొడి వాళ్ళు, ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. రింగిట్ బలపడితే అందరికీ ఒకేసారి దెబ్బ తగులుతుంది. అందరూ ఒకేసారి పడితే బ్యాంకు కూడా ఊగాలి. ఊగలేదు. ఎందుకంటే మేమెవరమూ ఒంటరిగా లేము. ఒకడి వెనక ఇల్లు ఉంది, ఒకడి వెనక తోట ఉంది, ఒకడి వెనక జీతం ఉన్న అన్నదమ్ముడు ఉన్నాడు. ఆ ముసలివాళ్ళు నిశ్చింతగా పింఛను లెక్కపెట్టుకుంటున్నారంటే, బంటింగ్‌లో ఒక మనిషి ఇల్లు కొనుక్కోలేకపోవడం కూడా అందులో ఒక చిన్న భాగం. నాకు కోపం రాలేదు. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

మేనేజరమ్మ తిరిగి వచ్చి ఒకే ఒక దారి చెప్పింది. బ్యాంకు నాకు ఇచ్చే అప్పు పరిమితిని సగానికి తగ్గించుకుంటే, ఆ సగానికి ఇంటి తాకట్టు సరిపోతుంది. అప్పుడు ఇంకో హామీ అక్కర్లేదు. హామీ మనిషిని విడుదల చేసినట్టు కాగితం కూడా ఇస్తారు. కానీ ఒకసారి తగ్గించుకున్నాక మళ్ళీ పెంచమంటే, ఇప్పుడున్న లెక్కలతో కష్టమని చెప్పింది. బాగా ఆలోచించుకోమని రెండుసార్లు అంది. నేనూ ఆలోచించాను. సగం అంటే నెలకి ఒక కంటెయినర్. షెడ్డు అద్దె, కట్టలు కట్టే యంత్రం వాయిదా, వ్యవసాయ శాఖ పరీక్ష, పురుగు పట్టకుండా మందు పొగ వేయించే ఖర్చు, ఇవేవీ సగం కావు. ఒక కంటెయినర్‌తో బతకవచ్చు. ముందుకి వెళ్ళడం ఉండదు, వెనక్కి రావడమూ ఉండదు.

ఇండియా వ్యాపారికి ఫోన్ చేసి తమిళంలో చెప్పాను. అతను బాధపడినట్టు రెండు మాటలు అని, రెండోది సుమత్రా నుంచి తెప్పించుకుంటానన్నాడు. ఆ వేగం చూస్తే, అక్కడి మనిషితో ముందే మాట్లాడి పెట్టుకున్నట్టుంది.

ఆడవాళ్ళకి చెప్పడం అంతకన్నా కష్టమైంది. ఇకమీదట వారం విడిచి వారం తెమ్మన్నాను. వాళ్ళు కట్టలు దించి నిలబడిపోయారు. వాళ్ళలో పెద్దావిడ, మా అమ్మతోపాటు ఎస్టేట్లో పనిచేసినావిడ, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏటయ్యా, ఇండియా అంత శుభ్రమైపోయిందేటి, చీపురు అక్కర్లేనంత?" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ వారం తెచ్చినదంతా కొన్నాను. మరుసటి వారం షెడ్డు ముందు ఖాళీ స్థలం చూడలేక తెలుక్ ఇంతాన్ వెళ్ళి పరిమితి తగ్గించుకునే కాగితం మీద సంతకం పెట్టేశాను.

మిగిలింది బావమరిదికి చెప్పడం. ఏం చెప్పాలో దారిలోనే తయారు చేసుకున్నాను. మా ఆవిడకి కూడా చెప్పాను, ఎవరైనా అడిగితే ఇదే చెప్పమని. ఆ వారాంతం బంధువుల ఇంట్లో పిల్లకి చెవులు కుట్టే వేడుకకి అతను మా వైపు వచ్చాడు. భోజనాల తర్వాత కార్ల దగ్గర పక్కకి పిలిచాను. బ్యాంకువాళ్ళు నా పరిమితి సగానికి కోసేశారని చెప్పాను.

అతను ముఖం చిట్లించాడు. "నువ్వు ఎప్పుడూ వాయిదా తప్పలేదు కదా?"

"తప్పలేదు. అయినా కోసినారు. సగానికి ఇల్లు చాలంట. ఇంక హామీ అక్కర్లేదంట."

"అంటే, నన్ను తీసేసినారు."

"నిన్ను తియ్యడం కాదు. నన్ను కోసినారు."

అతను బూటు కొనతో కంకర అటూ ఇటూ నెట్టాడు. ఆ అమ్మాయి టీ ఇచ్చేటప్పుడు అంత మర్యాదగా ఉండేదని, లోపల ఇలాంటి బుద్ధి ఉందని అనుకోలేదని అన్నాడు. నేను వచ్చి మాట్లాడనా అన్నాడు. వద్దన్నాను, అయిపోయిందన్నాను. ఇంకా కొంతసేపు బ్యాంకుని తిట్టాడు. తర్వాత, కారు తలుపు తీస్తూ, నా వైపు చూడకుండా, చాలా మామూలు గొంతుతో అడిగాడు.

"కాగితం ఏదైనా ఇస్తారేటి బావా, అయిపోయినట్టు?"

చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాను. మడత విప్పలేదు. రెండు చేతులతో పుచ్చుకుని కారు అరలో పెట్టుకున్నాడు.

స్కూలు సెలవులకి ముందే ఇల్లు అతని పేరు మీదకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళ పైన కట్టాలి. అదీ ఇస్లామిక్ పద్ధతిలో తీసుకున్నదే. అన్నాళ్ళు కడతావా అని ఎవరో అడిగితే, అద్దె అయితే చచ్చేదాకా కట్టాలి కదా అన్నాడట. పాలు పొంగించిన రోజు మమ్మల్ని ముందు గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్క గది చూపించాడు. అద్దెకి ఉన్నప్పుడు ఎన్నిసార్లో చూసిన గదులే. అయినా కొత్తగా చూపించాడు, మేమూ కొత్తగా చూశాం. పిల్లల గదిలో గోడకి మేకు కొట్టుకోవడానికి ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదన్నాడు.

భోజనాల దగ్గర వాళ్ళ చిన్నాన్న నన్ను, ఏమయ్యా, ఒక కంటెయినరే పంపుతున్నావంట, తెలివి తగ్గిందా అన్నాడు. నేను నోరు తెరిచేలోపు బావమరిది అందుకున్నాడు. బావ తప్పేమీ లేదన్నాడు. ఆ బ్యాంకుది మోసం అన్నాడు. ఆరేళ్ళు ఒక్క వాయిదా తప్పని మనిషిని సగానికి కోసే బ్యాంకు ఎక్కడైనా ఉందా అన్నాడు. నాకు ఇచ్చిన బ్యాంకు చూడండి, ఎంత మంచిదో అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఆ బ్యాంకు నాతో ఎప్పుడూ అన్యాయంగా నడుచుకోలేదు. ఆ మేనేజరమ్మ బాగా ఆలోచించుకోమని నాకు రెండుసార్లు చెప్పింది. అంతమంది ముందు నేను అవునన్నట్టు తల ఊపాను. పచ్చడి ఎవరో పక్కకి అందించారు, తీసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కారు సబక్ బెర్నామ్ ఊరు దాటింది. అప్పుడు మా ఆవిడ అంది, "వాడికి తెలుసు."

"ఏటి తెలుసు?"

"నువ్వే కోయించుకున్నావని. వాళ్ళావిడ చెప్పేసిందంట, ఇల్లు వచ్చిన సంతోషంలో. అప్పుడు తనే నాకు ఫోన్ చేసిందని, నేను నీకు చెప్పుంటానని."

నేను కారు పక్కకి ఆపుదామనుకున్నాను, ఆపలేదు. మరి తెలిసినవాడు అందరి ముందు బ్యాంకుని అంతలా ఎందుకు తిట్టాడని అడిగాను.

"ఇంకేటి చేస్తాడు?" అంది. "నీకు దండం పెట్టమంటావా? పెడితే, నా సంతకం తీసెయ్యమని నేనే లోపల ఏడిసినానని ఒప్పుకోవాలి కదా. అందుకే బ్యాంకుని తిడతాడు. నువ్వు కూడా తిట్టు, పోయిందేముంది."

ఇప్పటికీ నెలకొక కంటెయినరే వెళ్తోంది. అతను రెండు మూడు వారాలకొకసారి ఫోన్ చేస్తాడు. పిల్లల మాటలు, ఇంటికి వేయించిన రంగు మాటలు అయ్యాక, ఆ దొంగ బ్యాంకు ఏమంటోంది అని అడుగుతాడు. ఏమీ అనడం లేదు, అలాగే ఉంది అంటాను. మళ్ళీ ఎప్పుడైనా హామీ అడిగితే బయటివాణ్ణి పిలవకు, నేనున్నాను అంటాడు. సరే అంటాను. మా మాటల్లో ఇంక వేరే దారి లేదు, ఇద్దరం అందులోనే నడుస్తున్నాం. ఫోన్ పెట్టేసి షెడ్డులోకి వెళ్ళి, ఆ వారం వచ్చిన ఈనెలు తూకం వేయిస్తాను.